వెసులుబాటు

2023 జూన్‌లో బడులు తెరిచిన రోజు. తొమ్మిది నెలల తర్వాత నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి, మళ్లీ మా బడి గేటు ముందు నిలబడ్డాను. వేపచెట్టు అట్లాగే ఉంది. అటెండరు నన్ను చూసి లోపలికి పరిగెత్తి కుర్చీ తెచ్చాడు. వద్దన్నాను. ఫోను తీసి హాజరు యాప్ తెరిచి ముఖానికి ఎదురుగా పెట్టుకున్నాను. పచ్చగీత నా ముఖం చుట్టూ రెండుసార్లు తిరిగి ఆగిపోయింది. పోలిక కుదరలేదట. కళ్లజోడు తీశాను. కుదరలేదు. తలకు కట్టుకున్న స్కార్ఫు తీశాను. అసలే కుదరలేదు.

ఆ యాప్ తప్పేం లేదు. ముఖం చూపి హాజరు వేసుకునే పద్ధతి మాకు 2022 ఆగస్టులో వచ్చింది. ఆ నెలలో నేను నమోదు చేయించిన ముఖానికి పాపిట తీసి దువ్విన జుట్టుంది, దట్టమైన కనుబొమ్మలున్నాయి, నిండు చెంపలున్నాయి. సెప్టెంబరులో రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది. కీమోలో జుట్టుతో పాటు కనుబొమ్మలూ పోతాయని ఎవరూ ముందుగా చెప్పరు. జుట్టు గురించి సినిమాలు చూసి తెలుసుకుంటాం, కనుబొమ్మల సంగతి అద్దంలో చూసుకున్నాకే తెలుస్తుంది. చివరికి హెచ్‌ఎం గారు, పక్క సెక్షను సోషల్ మాస్టారు కలిసి అరగంట తంటాలు పడి నా ముఖాన్ని మళ్లీ కొత్తగా నమోదు చేశారు. ఇరవై నాలుగేళ్ల సర్వీసున్న లెక్కల టీచరు ఆ పొద్దున కొత్తగా ఉద్యోగంలో చేరినట్టయింది. నవ్వాను. వాళ్లు నవ్వొచ్చో లేదో తెలియక నావైపు చూశారు.

ఆ రోజు నా సంచిలో ఫారం-బి ఉంది. మెడికల్ లీవు మీద వెళ్లాలంటే ఫారం-ఎ, తిరిగి రావాలంటే ఫారం-బి. మా ఉపాధ్యాయులకు ఈ రెండూ ఇంట్లో గ్యాస్ పుస్తకమంత పరిచయం. మొదటిది జబ్బు చేసిందని, రెండోది నయమైందని. అంతకుముందు దాని మీద సంతకం పెట్టబోతూ డాక్టరమ్మ పెన్ను ఆపింది.

"రోజుకు ఎన్ని పీరియడ్లు చెప్తారు?"

"ఐదు. ఒక్కోసారి ఆరు."

"మొదట ఓ రెండు నెలలు మూడే చెప్పుకోండి. తర్వాత పెంచుకోవచ్చు."

"ఆ ముక్క ఇందులో రాస్తారా?"

ఆవిడ ఫారాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూసింది. రాయడానికి చోటు లేదు. ఎందుకైనా మంచిదని మా శాఖ ఆఫీసులో అడిగాను. అక్కడి గుమాస్తా మంచివాడే, మా బడిలో చదువుకున్నవాడే. "ఫిట్ అంటే ఫిట్టే మేడమ్. కాదంటే లీవు పొడిగించుకోండి. సగం ఫిట్ అని కాలమ్ లేదు" అన్నాడు. మాటలో వెటకారం లేదు. అతనికి కాలమ్ కనపడలేదు, అంతే.

పొడిగించుకుందామంటే లీవు మిగిలి ఉండాలిగా. లెక్కల టీచర్ని, ఆ లెక్క నా వేళ్ల మీదుంది. ఏడాదికి ఇరవై రోజుల సగం జీతం సెలవు. 1998లో చేరాను. ఇరవై నాలుగేళ్లకు 480 రోజులు. రెండు సగం జీతం రోజుల్ని ఒక పూర్తి జీతం రోజుగా మార్చుకుంటే 240. సర్వీసు మొత్తానికి అట్లా మార్చుకోగలిగింది కూడా 240 రోజులే. సెప్టెంబరు మొదటి వారం నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా వేలు మడుస్తూ పోతే సరిగ్గా 240 వచ్చింది. మే నెల వేసవి సెలవులు దేవుడిచ్చినవి. ఇరవై నాలుగేళ్లు జ్వరాలొచ్చినా క్రోసిన్ మింగి బడికి పోయి కూడబెట్టిన సెలవులన్నీ ఒక్క గడ్డకు ఖర్చయిపోయాయి. అప్పట్లో జ్వరంతో బడికి పోవడం నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు మాత్రం అది వేరే కారణానికి మంచిదైందనుకుంటాను.

సరే, ఫిట్టయ్యాను. నా కుడిచెయ్యికి ఆ సంగతి తెలియదు.

ఆపరేషన్‌లో చంక కింది గ్రంథుల్ని తీసేశారు. చేతిలో ఊరే నీరు వెనక్కి పోవడానికి ఉన్న దారి అదే. దారి మూసుకుపోయాక సాయంత్రానికి చెయ్యి బరువెక్కుతుంది, గాజులు బిగుస్తాయి, ఉంగరం సబ్బు పెట్టినా రాదు. ఆ చేతికి సూది వద్దు, బీపీ పట్టీ వద్దు, తెగకుండా కాలకుండా చూసుకో, మేజోడులాంటి బిగుతు తొడుగు వేసుకో అని చెప్పి పంపారు. నల్లబల్ల గురించి ఎవరూ చెప్పలేదు. తొమ్మిదో తరగతిలో మొదటి పీరియడ్‌కే తెలిసింది. భుజం కంటే పైకి చెయ్యెత్తి ఒక సమీకరణం రాసి కిందికి దించేసరికి మోచేయి దాకా నిప్పు పాకినట్టు లాగింది. నడుం ఎత్తులో రాయడం మొదలుపెట్టాను. వెనక బెంచీ వాళ్లకు నా వీపు తప్ప ఏం కనపడలేదు. రెండో రోజు ముందు బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మీరు చెప్పండి మేడం, నేను రాస్తా" అంది. అప్పటినుంచీ రోజుకొకరు. వాళ్లలో ఒకడి ఏడు అచ్చం ఒకటిలా ఉండేది. వాడు రాసిన రోజు తరగతంతా జవాబు తప్పే. తర్వాత గోడకు పెద్ద టీవీలాంటి ప్యానెల్ వచ్చింది. దాన్ని తాకాలన్నా చెయ్యెత్తాల్సిందే. ఎత్తు నిర్ణయించిన వాళ్లు అందరూ రెండు చేతులూ పైకెత్తగలిగిన వాళ్లే అయ్యుంటారు.

చెయ్యి ఒక్కటైతే ఎట్లాగో సర్దుకోవచ్చు. అలసట దారి వేరు. నిద్రపోతే పోయే అలసట కాదది. మధ్యాహ్నం రెండింటికి ఉన్నట్టుండి ఒంట్లోంచి ఎవరో ప్లగ్గు పీకినట్టు ఉంటుంది. ఎక్కాలు నోటికి వచ్చే మనిషిని, పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయాను ఒకరోజు. పిల్లలు గుసగుసగా అందించారు. ఇంటికొచ్చేటప్పుడు శిరివెళ్ల మెట్ట దాటాక కిటికీలోంచి నల్లమల కనిపిస్తుంది. మామూలు రోజుల్లో చూడకపోయినా ఫరవాలేదనుకునే కొండలవి. ఆ నెలల్లో వాటిని ఒక్కసారీ చూడలేదు, నంద్యాల వచ్చిందని కండక్టరు లేపేదాకా నిద్రే.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ క్రికెటర్ యువరాజ్ సింగ్ పేరు ఎత్తేవాళ్లు. 2012లో అమెరికాలో కీమో చేయించుకుని అదే సెప్టెంబరులో చెన్నైలో న్యూజిలాండ్ మీద ఆడాడు కదా, నీకేం అని. ఇంకొందరు నటి గౌతమిని చెప్పేవాళ్లు. మన శ్రీకాకుళంలో పుట్టిన మనిషి, జబ్బు తర్వాత 2016లో 'మనమంతా'లో ఎంత బాగా చేసిందో అని. ఇద్దరి మీదా నాకు గౌరవమే. కానీ వాళ్ల కథల్లో మనిషి మనోబలమే కనపడుతుంది, చుట్టూ ఏర్పాటు కనపడదు. ఆటగాడికి ఫిజియో ఉంటాడు, ట్రైనరు ఉంటాడు, ఇవాళ ఇంత, రేపు ఇంకాస్త అని లెక్కగట్టి పరిగెత్తించేవాళ్లుంటారు. నేరుగా ఐదు రోజుల టెస్టుకు దింపరు. మమ్మల్ని మాత్రం పొద్దున తొమ్మిదికల్లా దింపేస్తారు.

వెసులుబాటు అని మనకో మంచి మాట ఉంది. పనిలో, టైములో, చోటులో కాస్త సడలింపు. పండక్కి ఊరెళ్లడానికి, పెళ్లికి ముహూర్తం మార్చడానికి, చీటీ డబ్బులు వారం ఆగి కట్టడానికి అందరం అడిగి తీసుకునేదే. బతుకంతా ఆ మాట మీద నడిచే మనం దాన్ని రూల్సులోకి మాత్రం ఎందుకో రానివ్వలేదు. కొన్ని దేశాలు రానిచ్చాయి. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ప్రకారం క్యాన్సర్ అని తేలిన రోజునుంచే ఆ మనిషిని వైకల్యం ఉన్నవారిగా లెక్కేసి, పనిలో తగిన మార్పులు చేయాల్సిన బాధ్యత యజమాని మీద పెట్టారు. జర్మనీలో ఇంకా నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది, హాంబర్గ్ మోడల్ అంటారు. పెద్ద జబ్బు తర్వాత మొదట రోజుకు రెండు మూడు గంటలు పని, కొన్ని వారాలకు నాలుగు, ఆ తర్వాత ఆరు. ఆ మెట్లు ఎక్కుతున్నన్నాళ్లూ మనిషి లెక్కలో సెలవులోనే ఉంటాడు, జబ్బు భత్యం అందుతూనే ఉంటుంది. మా డాక్టరమ్మ ఫారంలో చోటు లేక నోటితో చెప్పిందే అక్కడ కాగితం మీదుంది.

మన దగ్గర 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. అందులో తగిన వెసులుబాటు కల్పించాలనే మాటా ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అనే రక్షణా ఉంది. జాబితాలో 21 రకాలు. క్యాన్సర్ అనే మాట ఆ 21లో లేదు. తమాషా ఏమంటే, స్వరపేటిక తీసేయడం వల్ల మాట పోతే దాన్ని మాత్రం పేరుపెట్టి రాశారు. స్వరపేటిక ఎక్కువగా తీసేసేది క్యాన్సర్‌కే. అంటే జబ్బు గొంతు పట్టుకుపోతే ఆ చట్టానికి మనం కనపడతాం. చెయ్యి వాచినా, వేళ్లు మొద్దుబారినా, మధ్యాహ్నం రెండింటికి ప్లగ్గు ఊడినా పేరు లేదు.

ఈఎస్‌ఐ కథా ఇదే. బేతంచెర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా చిన్నాన్న కొడుక్కి రక్తంలో క్యాన్సర్ వచ్చినప్పుడు ఆ కార్డు ఎంత విలువైందో మా ఇంటిల్లిపాదికీ తెలిసింది. మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజులు డెబ్బై శాతం వేతనం ఇస్తారు. క్యాన్సర్ లాంటి దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంటే ఎనభై శాతం, రెండేళ్ల దాకా పొడిగించే వీలుంది. జీతం 21,000 దాటకూడదు, అంతకుముందు రెండేళ్లు చందా కట్టి ఉండాలి. ఇంతకంటే మంచి ఏర్పాటు పనివాళ్లకు మన దేశంలో తక్కువ. అయితే ఆ డబ్బు పనికి పోని రోజుకే. పనికిపోయి సగం చేసి, చేతులు వణుకుతూ ఇంటికొచ్చిన రోజుకు లెక్క లేదు. వాడు పనికి పోవడానికి సిద్ధపడ్డ నెల్లోనే ఆదాయం పడిపోయింది.

ఇవన్నీ కార్డులున్న వాళ్ల సంగతులు. ఏ కార్డూ లేని ఒక అక్క గురించి చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

కర్నూల్లో కీమో ఎక్కించే గదిలో నా పక్క మంచం ఆవిడది. శిరివెళ్ల దగ్గర పల్లె. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఇద్దరిదీ ఒకే జబ్బు, ఒకే వారం. ఆమె వైద్యం ఆరోగ్యశ్రీలో, నాది ఉద్యోగుల హెల్త్ కార్డు మీద. బాటిల్ మాత్రం అదే, చుక్క చుక్కగా దిగే తీరూ అదే. ఆ మంచాల మీద వాళ్ల ఊరి సంగతులన్నీ విన్నాను. మొదటి పరిచయంలో ఆమె అడిగింది నా జబ్బు గురించి కాదు, "మీ బడిలో ఆడపిల్లోళ్లు పత్తి క్రాసింగ్ కాలంలో వస్తారా టీచరమ్మా?" అని.

రారు. అది నాకు చేరిన కొత్తలోనే తెలిసింది. ఆళ్లగడ్డ, శిరివెళ్ల, కోవెలకుంట్ల వైపు విత్తనపత్తి వేస్తారు. మామూలు పత్తి కాదు. 1970లో సూరత్‌లో మొదటి హైబ్రిడ్ పత్తి హెచ్-4 విడుదలైనప్పటినుంచీ ఈ దేశంలో పత్తి విత్తనం చేతివేళ్లతో తయారవుతోంది. పత్తిపువ్వులో ఆడా మగా రెండూ ఒకేచోట ఉంటాయి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ మధ్యాహ్నమే పట్టుకోవాలి. బొటనవేలి గోటితో అడుగున చుట్టూ గాటు పెట్టి, రేకులతో పాటు పుప్పొడి తిత్తులన్నిటినీ ఒక్క తిప్పులో ఒలిచేయాలి. నడుమ సన్నని పుల్లలా కీలం ఒకటే నిలబడాలి, గోరు దానికి తగిలితే మొగ్గ రాలిపోతుంది. ఒక్క తిత్తి మిగిలినా ఆ కాయ తన పుప్పొడితోనే కట్టుకుంటుంది, విత్తనం కల్తీ. కంపెనీవాళ్లు నాటి చూసి లాటంతా వెనక్కి కొడతారు. ఒలిచిన మొగ్గకు గుర్తుగా రంగుకాగితం తగిలిస్తారు. మర్నాడు పొద్దున మగచెట్ల పూలు తెంపుకొచ్చి, ఒక్కో పువ్వుతో నాలుగైదు మొగ్గలకు పుప్పొడి రుద్దుతారు. రోజుల తరబడి, నెలల తరబడి ఇదే పని. చిన్న వేళ్లయితే సులువని ఆడపిల్లల్ని బడి మాన్పించి తీసుకుపోయేవాళ్లు. సెప్టెంబరు వచ్చేసరికి నా తరగతిలో ఎడమవైపు బెంచీలు పలచబడేవి. ఇప్పుడు కాస్త తగ్గింది, పోలేదు.

ఈ అక్క ఆ పిల్లల వయసులోనే మొదలుపెట్టింది. మొగ్గను చూడకుండా ఒలిచేదట. పక్కమ్మతో మాట్లాడుతూ, కళ్లు ఎటో ఉండి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవట. "వంద మొగ్గలు గిల్లితే ఒక్కటి పాడుచేసేదాన్ని కాదు" అంది. ఆమెకు గుర్తింపు కార్డు అంటూ ఏదైనా ఉంటే ఆ బొటనవేలే.

మాకిచ్చిన మందుల్లో పాక్లిటాక్సెల్ ఒకటి. అది నరాల కొసల మీద పడుతుంది. వేళ్ల చివరలు, అరికాళ్లు మొద్దుబారతాయి. కొందరికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది. నాకూ వచ్చింది, సుద్దముక్క చేతిలోంచి జారిపోయేది. ఆమెకు ఎక్కువగా వచ్చింది. ఐదో కీమో నాడు మెల్లగా చెప్పింది, రవిక హుక్కులు చూసుకోకుండా పెట్టుకోలేకపోతున్నానని. "హుక్కు యాడుందో ఏలికి తెలుస్తాల్యా. ఇంక మొగ్గ యాడ తెలుస్తాది?" డాక్టర్ని అడగమన్నాను. "అడిగినా. పానం నిలబడింది గదమ్మా, ఏళ్లదేముంది అన్న్యాడు."

ప్రాణం నిలబెట్టిన మనిషిని తప్పుపట్టలేం. ఆయన చదివిన పుస్తకంలో పత్తి మొగ్గ లేదు.

ఆపరేషన్ తర్వాత ఆమె ఖాతాలో ఆరోగ్య ఆసరా డబ్బులు పడ్డాయి. 2019 డిసెంబరులో మొదలైన పథకం అది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయినవాళ్లకు కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చేవాళ్లు. మొత్తం చిన్నదే గానీ ఆలోచన చిన్నది కాదు. కూలిమనిషి మంచం మీద పడుకుంటే ఆ పడుకోవడానికీ ఒక రోజుకూలి ఉంటుందని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూశాను. ఆమెకైతే నమ్మకమే కుదరలేదు. "పండుకున్యందుకు దుడ్లా?" అని బ్యాంకు పుస్తకం నాకు చూపించి మళ్లీ చదివించుకుంది. కానీ అదీ మంచం దిగేదాకే. మంచం దిగిన రోజునుంచి ఆమె చేను గట్టు మీద ఉంది. మొగ్గ ఒలిచే పని ఇవ్వరు, కల్తీ అయితే రైతు మునుగుతాడు. ఆయన భయం ఆయనది. వరినాట్లకు పోదామంటే బురదనీళ్లలో వాచిన చెయ్యి పెట్టొద్దన్నారు.

ఇదే ఊళ్లలో నాకు ఇంకో మనిషి తెలుసు. ఆయన కథ వేరేగా నడిచింది, ఎందుకు నడిచిందా అని చాలా ఆలోచించాను.

ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. రోడ్డు పక్క షెడ్లలో సగం పుట్టిన వినాయకులు, ముక్కు ఇంకా రాని నాయకులు, అహోబిలం పక్కనే కాబట్టి రకరకాల నరసింహులు వరసగా నిలబడి ఉంటారు. బస్సు దిగి బడికి నడిచే దారిలో ఆ రాళ్ల మోతే మాకు మొదటి గంట. మా బడి పిల్లాడి తండ్రి అక్కడ పేరున్న శిల్పి. ఖైనీ అలవాటు. నోట్లో పుండు, తర్వాత కింది దవడ సగం తీసేశారు, మెడలో గ్రంథులు తీశారు. మెడ ఆపరేషన్‌లో భుజాన్ని ఎత్తే నరం దెబ్బతింటే భుజం జారిపోతుంది. సుత్తి ఎత్తడం కష్టమైంది. రాతి దుమ్ము సరేసరి. తిరిగి షెడ్డుకు వచ్చినప్పుడు తమ్ముళ్లు లెక్కల పుస్తకం చేతికిచ్చి కుర్చీలో కూర్చోమన్నారట. రెండు రోజులు కూర్చుని, మూడో రోజు పుస్తకం మూసేసి, జేగురు ముక్క తీసుకుని రాయి దగ్గరికి పోయాడు.

విగ్రహం చెక్కేముందు రాతి మీద గీతలు గీయాలి. తాళమానం లెక్క ఉంటుంది, ముఖం పొడవుకు ఒళ్లంతా ఇన్ని రెట్లని, నుదురు ఇంత, మోకాలు ఇక్కడ అని. ఆ గీత తప్పితే ఉలి ఎంత మంచిదైనా దేవుడు పొట్టివాడవుతాడు. ఇదివరకు ఆ పని అందరూ కలిసి చేసేవాళ్లు, వేరే మనిషంటూ లేడు. ఇప్పుడు షెడ్డులోని ప్రతి రాయి మీదా ఆయనే గీస్తాడు. మాట ముద్దగా వస్తుంది, అందుకని మాట్లాడడు, గీసి వేలు పెట్టి చూపిస్తాడు. ఒకసారి ఆగి చూశాను. ఆరడుగుల నల్లరాయి, దాని మీద నిట్టనిలువుగా ఒక ఎర్రగీత, అడ్డంగా పదో పన్నెండో. ఎడమచేత్తో కుడి మోచేయిని పట్టుకుని, దాన్ని కొలబద్దలా జరుపుతూ గీస్తున్నాడు. జ్యామితి చెప్పే నాకు అసూయ కలిగింది.

పనిని పొరలు పొరలుగా విడదీయగలిగితే మనిషి ఏదో ఒక పొరలో నిలబడతాడు. అది ఆయన అదృష్టం, పైగా షెడ్డు సొంతవాళ్లది. రోజుకూలికి చెక్కే పరాయి శిల్పి అయితే ఆ జేగురు ముక్క చేతికొచ్చేదా అంటే నాకు అనుమానమే. వాటా మాత్రం ఇదివరకటిలో సగమే అని పిల్లాడే చెప్పాడు, ఫీజు వాయిదా అడిగినప్పుడు. ఊరి ఏర్పాట్లలో మనసుంటుంది, డబ్బుండదు. మా ఆఫీసు ఏర్పాట్లలో డబ్బుంటుంది, కాలమ్ ఉండదు.

నా విషయంలో మనుషులే కాలమ్ గీశారు. సోషల్ మాస్టారు నా చివరి పీరియడు తీసుకుని తన మొదటి పీరియడు నాకిచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి లైబ్రరీ అని టైంటేబుల్లో రాసి, నేను అక్కడ బల్ల మీద తల వాల్చుకునేలా చూశారు. ఎవరూ సంతకం పెట్టలేదు, ఏ రిజిస్టరులోనూ లేదు. అందుకే హెచ్‌ఎం గారికి బదిలీ అయ్యి కొత్తవారు వచ్చిన నెల్లో అది ఆవిరైంది. కొత్తవారు చెడ్డవారు కాదు, ఖాళీ పీరియడు చూసి నింపారు. మళ్లీ మొదటినుంచీ నా జబ్బు కథ చెప్పుకోవాలి. అదే అన్నిటికన్నా పెద్ద అలసట. ప్రతి కొత్త మనిషికీ చంక కింద ఏం తీశారో చెప్పి, జాలిని వెసులుబాటుగా మార్పించుకోవడం. చట్టంలో ఒక వాక్యం ఉంటే ఆ కథ చెప్పాల్సిన పని ఉండదు కదా అనిపిస్తుంది.

ఒక వాక్యం ఉంది, లేదనకూడదు. టీచర్ల బదిలీల్లో క్యాన్సర్ వచ్చినవారికి ప్రిఫరెన్షియల్ కేటగిరీ ఉంటుంది, కోరుకున్న చోటు ముందు వాళ్లకే. నంద్యాల టౌనులోనే వేయించుకోమని ఇంట్లో గొడవ. నేను పెట్టుకోలేదు. మొండితనమే అనుకోండి. చోటు మార్చే వెసులుబాటు ఇచ్చారు, చోటు మారకుండా పని మార్చే వెసులుబాటు ఇస్తే బాగుండేది. పైగా ఏడుని ఒకటిలా రాసేవాడు పదో తరగతికి వచ్చాడు.

పోయిన చలికాలం చెకప్‌కు కర్నూలు పోతున్నాను. నంద్యాలలో కదిలే ముందు బస్సులోకి ఆ అక్క ఎక్కింది. జుట్టు భుజాల దాకా వచ్చింది. పక్కన కూర్చుని ముందు నా చెయ్యి చూసింది, వాపు ఎంతుందోనని. రైతు ఈ ఏడు పిలిచాడట. మొగ్గ ఒలవడానికి కాదు, పొద్దున్నే మగపూలు తెంపి బుట్టల్లో పంచడానికి. పూలు తెంపడానికి వేలికి తెలియక్కర్లేదు, కంటికి తెలిస్తే చాలు.

"కూలి?"

"సగం." కాసేపు ఊరుకుంది. "నీకో టీచరమ్మా? సగం పని చేస్తే జీతమంతా ఇస్తారా?"

ఇస్తారన్నాను. సగం చేయనీయరు గానీ, ఇవ్వడం మాత్రం అంతా ఇస్తారన్నాను. ఆమె దాన్ని నోట్లో వక్కలా తిప్పి చూసుకుని, "అదేం లెక్కమ్మా" అంది.

పాణ్యం దాటాక కొంగు ముడి విప్పింది. రోజూ రాత్రి అన్నాలయ్యాక చేటలో బియ్యం పోసి, వాటిలో చింతగింజలు కలిపి, కళ్లు మూసుకుని ఏరుతోందట. ఎవరూ చెప్పలేదు, తనకే తోచింది. మొదటి నెల ఒక్కటీ దొరకలేదు. తర్వాత గింజలన్నీ వచ్చాయి. ఇప్పుడు కందిబేడల దాకా వచ్చింది. "బేడ తెలిసిందంటే మొగ్గ తెలుస్తాది. వచ్చే ఏటికి సూడు."

"నువ్వు సెయ్యి పట్టు. కండ్లు మూసుకో."

మూసుకున్నాను. కుడి అరచేతిలో ఏదో పెట్టింది. వేళ్ల కొసలతో తడిమాను. చిన్నది, నున్నగా, ఒకవైపు కాస్త గరుకుగా.

"ఏందో చెప్పు."

"కందిబేడ."

అక్క పకపకా నవ్వింది, ముందు సీట్లో వాళ్లు వెనక్కి తిరిగేంతగా. కళ్లు తెరిచి చూస్తే అరచేతిలో తెల్లటి చొక్కా గుండీ.